శివమ్మ పాటలు ఎక్కడికి పోయినయి

శనివారం పొద్దున ఏడు గంటలకు, ఎలీషమ్మ ముప్ఫై ఎనిమిదో పాట రెండో చరణంలో ఉండగా, కంప్యూటర్ తెర మొత్తం నీలంగా మారిపోయింది. మధ్యలో తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కొత్త మార్పులు చేస్తున్నాం, దయచేసి ఆపవద్దు అని కింద ఇంగ్లీషులో ఉంది.

"నేనేమన్న చెయ్యమన్ననా దీన్ని?" అంది ఎలీషమ్మ, చేతులు ఒళ్లో పెట్టుకుని.

ఆ ఇంట్లో ఈ మాట రోజుకు నాలుగైదుసార్లు వినబడుతుంది. మేడ్చల్ రైల్వే స్టేషన్ వెనక కాలనీలో ఉన్న ఆ ఇంటికి కంప్యూటర్ వచ్చి ఆరేళ్లయింది. మొదట్లో బుద్ధిగానే ఉండేది. రెండేళ్ల నుంచి దానికి మాటలు ఎక్కువయ్యాయి. పక్కన ఒక పెట్టె తెరుచుకుని ఎవరో సినిమా నటి విడాకుల సంగతి చెబుతుంది. మూలన ఎండ ఎంత ఉందో చెబుతుంది. తలుపు తీస్తే తెలిసే దానికి అది చెప్పడం దేనికో తెలియదు. రాయడంలో సాయం చేయమంటారా అని ఇంకొకటి అడుగుతుంది. 'ఇప్పుడు కాదు' అని నొక్కే వీలుంది గానీ 'ఎప్పటికీ వద్దు' అని నొక్కే వీలు లేదు. ఎలీషమ్మకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

ఆమె దిద్దుతున్నవి అత్తగారు శివమ్మ పాటలు. శివమ్మకు ఎనభై ఏళ్లు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరుగారు శాంతమ్మ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు. చివరికి శివమ్మగానే ఉండిపోయింది. శామీర్‌పేట వైపు ద్రాక్షతోటల్లో ముప్ఫై ఏళ్లు కూలికి పోయింది. అక్షరం ముక్క రాదు. కలుపు తీస్తూ, గుత్తులు కోస్తూ దేవుడి మీద పాటలు కట్టుకుంది. తోటల్లో ఆమెతో పాడిన ఆడవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు.

రెండేళ్ల కింద ఎలీషమ్మకు ఆ పాటలన్నీ పుస్తకంగా తేవాలనిపించింది. ముందు ఫోన్లో రికార్డు చేద్దామనుకుంది. ఫోన్ ముందర పెడితే శివమ్మకు గొంతు పెగలలేదు. "అది నన్నే సూస్తున్నట్టుంది బిడ్డా, తియ్యి" అంది. ఎలీషమ్మ పెళ్లికి ముందే టైపు నేర్చుకున్న మనిషి. పెళ్లిపత్రికలు కొట్టే షాపులో పన్నెండేళ్లు పనిచేసింది. పెన్ను పట్టుకుని రాయడంకంటే ఆమెకు వేళ్లతో కొట్టడమే తొందర. అందుకని అత్తగారు మంచం మీద కూర్చుని పాడుతుంటే, ఈమె నేరుగా కంప్యూటర్లో కొట్టేసేది. కాగితం మీద ఒక్క ముక్క లేదు.

నలభై ఒక్క పాటలయ్యాక, పోయిన దసరా ముందు శివమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాటా పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమచేతి వేలికి వెండి ఉంగరం ఉంది. దాంతో మంచం ఇనుప పట్టీ మీద ఒకసారి కొడితే ఔను. రెండుసార్లు కొడితే కాదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె మాట అదే.

"అమ్మా, చాయ్‌ల చక్కెర సరిపోయిందా?" అని అడిగాడు ఇస్సాకు, గ్లాసు తల్లి నోటికి అందిస్తూ.

టంగు, టంగు.

"డాక్టర్ తక్కువెయ్యమన్నడు," అన్నాడు ఇస్సాకు. అంటూనే వంటింట్లోకి వెళ్లి ఇంకో అరచెంచా వేసుకొచ్చాడు. ఆయన మండలాఫీసులో ముప్ఫై మూడేళ్లు అటెండరుగా చేసి, మొన్ననే రిటైరయ్యాడు. ఎవరేం చెప్పినా సరే అనడం ఆయనకు అలవాటు.

గడప దగ్గర బూట్లు వేసుకుంటున్న కొడుకు శామ్యూల్ నీలం తెరను చూసి తల ఊపాడు. కొంపల్లిలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం అతనిది. "అమ్మా, గీ సిస్టమే తీసేద్దాం. లినక్స్ అని ఇంకోటుంది. పైసలు కట్టే పనిలేదు, ఊకె అడ్డం రాదు. గమ్మున ఉంటది. నీ పని నువ్వు జేసుకోవచ్చు."

"పుస్తకం అయిపోనీ రా. బుధవారం ప్రెస్సుకియ్యాలె. తర్వాత సూద్దాం."

"గంట పని అమ్మా."

"తర్వాత అన్న గదా."

"సరే," అన్నాడు శామ్యూల్. ఎలీషమ్మ 'తర్వాత' అని నొక్కినప్పుడల్లా ఆ కంప్యూటర్ కూడా సరే అనే అనేది.

పావుగంటకు తెర మామూలుగా వచ్చింది. ఎలీషమ్మ మళ్లీ కూర్చుంది. పాటలు కొట్టడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు జరిగేది దిద్దుబాటు. అక్కడక్కడ కొన్ని చరణాలు మందిరంలో పదిమంది ముందు పాడుకునేట్టుగా బాగుచేస్తోంది. వచ్చే నెల మందిరం వార్షికోత్సవంలో ఎడ్వర్డ్ పాస్టరుగారు పుస్తకం విడుదల చేస్తారు. ఆ పుస్తకం అత్తమ్మ చేతిలో పెట్టాలి. అప్పటిదాకా ఆమెను ఉంచమని ఎలీషమ్మ రోజూ ప్రార్థన చేసుకుంటోంది.

మర్నాడు ఆదివారం. శివమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ముగ్గురూ వంతులేసుకుంటారు. ఆ వారం ఇస్సాకు వంతు. అయినా శామ్యూల్ తనే ఉంటానన్నాడు. కొడుకుకు నానమ్మ మీద ప్రేమ ఎక్కువైందని ఎలీషమ్మ సంబరపడింది. బగారన్నంలోకి కోడికూర వండి పెట్టి, తెల్లచీర కట్టుకుని, మొగుడి వెంట మందిరానికి పోయింది.

ఒంటిగంటకు వాళ్లు తిరిగొచ్చేసరికి శామ్యూల్ ముఖం వెలిగిపోతోంది. తల్లి చెప్పులు విడవకముందే చెయ్యి పట్టుకుని కంప్యూటర్ ముందుకు తీసుకెళ్లాడు. తెర మీద ఒక పచ్చటి కొండ బొమ్మ ఉంది. వార్తలు లేవు. ఎండ సంగతి లేదు. ఎవరూ ఏమీ అడగడం లేదు.

"ఏంది రా ఇది?"

"కొత్త సిస్టమ్. లినక్స్. పొద్దున మీరు పోంగనె మొదలువెట్టిన. ఇగ నిన్నెవ్వరు సతాయించరు."

ఎలీషమ్మ కూర్చుంది. మౌస్ అటూ ఇటూ కదిపి చూసింది. నిజంగానే ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత ఎంత వద్దనుకున్నా కాస్త సంతోషం కూడా వేసింది. తర్వాత అన్నాను కదా అనే మాట నోటిదాకా వచ్చినా మింగేసింది.

"మంచిగుంది రా, సప్పుడు లేదు. పాటలేవి?"

"పెన్‌డ్రైవ్‌ల వేసిన. ఇగో."

ఆమె ఎప్పుడూ చూసే ఫోల్డర్ పేరే అక్కడ ఉంది. తెరిచాడు. లోపల ఒకే ఒక్క వస్తువు ఉంది, బాణం గుర్తుతో. దాని కింద ఇంగ్లీషులో 'మీ ఫైళ్లు ఎక్కడున్నాయి' అని పేరు.

"అదే నేనూ అడుగుతున్న," అంది ఎలీషమ్మ.

శామ్యూల్ దాన్ని నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టాడు. అందులో ఉన్న ప్రతి ఫోల్డరూ తెరిచాడు. ఎలీషమ్మ పాత పెళ్లిపత్రికలు ఉన్నాయి, ఇస్సాకు పెన్షన్ కాగితాలు ఉన్నాయి, ఎప్పటివో క్రిస్మస్ ఫోటోలు ఉన్నాయి. పాటలు లేవు. అరగంట గడిచింది. వంటింట్లో కూర చల్లారిపోయింది. శామ్యూల్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"పాతదాంట్ల సూడు రా."

"పాతది లేదమ్మా. కొత్తది వెయ్యాలంటె మొత్తం తుడవాలె."

"తుడిసినవా?"

శామ్యూల్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

ఎలీషమ్మకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. నిన్న పొద్దున ఉన్నవి, ఈరోజు ఎట్లా లేవు? ఇంట్లో దొంగలు పడలేదు, వాన నీళ్లు రాలేదు. కుర్చీ ఉన్నచోటే ఉంది, బల్ల ఉన్నచోటే ఉంది. నలభై ఒక్క పాటలు మాత్రం లేవు. వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. శివమ్మ కళ్లు తెరిచి ఇటే చూస్తోంది.

"నిన్న నేనేం జెప్పిన శామ్యూల్?" అంది ఎలీషమ్మ. గొంతు పెంచలేదు. అందుకే శామ్యూల్‌కు భయమేసింది.

"తర్వాత అన్నవ్."

"తర్వాత అంటె ఏంది నీకు?"

"అమ్మా, రోజు నువ్వు దాంతోని పరేషాన్ అవుతుంటె సూడబుద్ధి కాలే. నీ కోసమే జేసిన."

"అదీ నా కోసమే అని రాస్తది, ఇంగ్లీషుల. నీకు దానికి ఏం ఫరక్ రా? తర్వాత అంటె అది సరే అంటది, నువ్వూ సరే అంటవ్. నేనట్ల పక్కకు తిరగంగనె మీకు తోసింది జేస్తరు. నా పని మీద నాకంటె మీకే ఎక్కువ తెల్సా? నన్ను అడిగినట్టు అడుగుడెందుకు, నేను జెప్పింది ఇనకపోవుడెందుకు?"

"ఫోల్డర్ కాపీ జేసిన అమ్మా. పేరు సూసిన."

"పేరు సూసినవ్. లోపల సూసినవా?"

చూడలేదు. శామ్యూల్ తల దించుకున్నాడు. ఇంకొకటి కూడా చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పేశాడు. "తుడిసేటప్పుడు అవ్వ మంచం మీద కొట్టింది. రెండుసార్లు. మల్ల మల్ల కొట్టింది. నీళ్లు కావాల్నేమో అనుకుని తాపిన."

ఎలీషమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. శామ్యూల్ కూడా గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆమె పుస్తకం గురించి ఏడవలేదు. మంచం మీద మనిషి ఉంది, మనిషిలో పాటలు ఉన్నాయి, కానీ మళ్లీ పాడమని ఆమెను అడగలేరు. ఎలీషమ్మకూ ఇస్సాకుకూ కలిపి గుర్తున్నవి పది ఉంటాయేమో, అవీ పూర్తిగా కావు. మిగతావి ఆ మనిషితోనే మట్టిలోకి పోతాయి.

అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉన్న ఇస్సాకు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక సంగతుంది," అన్నాడు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"పోయిన ఎండకాలం, నువ్వు మందిరంల స్త్రీల కూడికకు పోయినవ్ సూడు, ఆ దినం నేను దేవుని వాక్యం ఇందామని దీని ముందల కూసున్న. మీ ఫైళ్లు జాగ్రత్త జెయ్యమంటవా అని ఒకటి అడ్డమొచ్చింది. వద్దని ఒత్తిన. మల్ల వచ్చింది. మల్ల వద్దన్న. మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి ఇగ సరే అని ఒత్తిన."

"సరే అని ఒత్తితే?"

"పేరేంది అన్నది. పాటలు అమ్మయే గదా అని అమ్మ పేరే ఇచ్చిన. ఏదో ఖాతా తెరిసింది. జాగ్రత్త జేస్త అంటాంది గదా, నీకెందుకు జెప్పుడు అనుకున్న. తిడ్తవేమోనని గూడ అనుకున్న."

"ఎవ్వరిని అడిగి జేసినవయ్యా?"

"అదే అడిగింది గదనే, నాలుగుసార్లు," అన్నాడు ఇస్సాకు అయోమయంగా.

శామ్యూల్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, అక్కడే నేల మీద వేలితో గీసి చూపిస్తూ చెప్పాడు. బాపు సరే అన్న దినం నుంచి ఆ పాత సిస్టమ్ పాటలన్నీ ఎత్తి వేరే చోట పెట్టుకుంది. పాత ఫోల్డర్ పేరు అట్లాగే ఉంచి, లోపల బాణం గుర్తు ఒక్కటే మిగిల్చింది. అమ్మకు తెర మీద ఎప్పటిలాగే కనబడుతున్నాయి కాబట్టి తెలియలేదు. తాను కాపీ చేసింది ఖాళీ అయిన ఇంటిని. ఆ వేరే చోటూ తుడిచినప్పుడే పోయింది, కానీ వాటి నకలు ఇంటర్నెట్‌లో కూడా ఉండాలి.

"నా అత్తమ్మ పాటలు ఇంటర్నెట్‌ల ఎవరు పెట్టమన్నరు?"

"పెట్టుడే మంచిదైంది అమ్మా."

"మంచిదా చెడ్డదా, ముందు మీరిద్దరు మాట్లాడుకుని ఒకటి జెప్పుండ్రి. అది నన్నడగకుంట ఎత్తుకపోయింది. అడగకుంట ఎత్తుకపోవట్టే మిగిలినయంటున్నవ్. ఇప్పుడు నేను దాన్ని తిట్టాల్నా, దండం పెట్టాల్నా?"

శివమ్మ మంచం మీంచి ఒకసారి కొట్టింది. దేనికి ఔనందో ఎవరికీ తెలియలేదు.

ఖాతా పేరును ఇస్సాకు మందిరం క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ మాత్రం రాయలేదు. ఎక్కడా రాయొద్దని బ్యాంకువాళ్లు చెప్పారట. ఫోన్ నంబర్ అడిగితే ఇవ్వలేదు. మోసాలు జరుగుతున్నాయని పేపర్లో చదివాడట. ఆ ఇంట్లో జాగ్రత్త అన్నది ఆయన ఒక్కడే పాటించాడు, అది కూడా పాటించకూడని చోట పాటించాడు.

"కొంచెమన్న యాదికి తెచ్చుకో బాపు."

"అమ్మ పేరు ఇంగ్లీషుల కొట్టి, ఎంబడే పుట్టినరోజు కొట్టిన. అమ్మనే అడిగిన, మంచం మీద కూసుని ఉండె. అమ్మా, నీ పుట్టినరోజు ఎప్పుడే అని. జెప్పింది, కొట్టిన. ఏం జెప్పిందో యాదికొస్తలేదు."

శామ్యూల్ ఆధార్ కార్డు తెచ్చాడు. జనవరి ఒకటి. ఆమె వయసు వాళ్లలో సగం మందికి ఆధార్‌లో జనవరి ఒకటే. కొట్టాడు, తప్పన్నది. రేషన్ కార్డులో ఇంకో సంవత్సరం ఉంది. అదీ తప్పన్నది. మళ్లీ తప్పయితే ఖాతాకు తాళం పడుతుందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. శామ్యూల్ ఆసుపత్రి చీటీ మీద ఉన్న వయసును లెక్కేసి మూడోది కొట్టబోయాడు.

"ఆగు," అంది ఎలీషమ్మ. "ఎవ్వరు ఏం ఒత్తొద్దు. పొద్దటి సంది అందరం ఒత్తుకుంటనే ఉన్నం. ఆ మనిషి ఈడ్నే ఉంది గదా. అడుగుదాం."

ఆమె మంచం పక్కన కింద కూర్చుంది. శివమ్మ ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. జరిగింది మొత్తం మొదటి నుంచి చెప్పింది, ఏదీ దాచలేదు. శివమ్మ రెప్ప వేయకుండా విన్నది.

"అత్తమ్మా, ఆ దినం నీ కొడుకు పుట్టినరోజు అడిగితే ఏం జెప్పినవ్? ఆధార్ కార్డుల ఉన్నది గాదు గదా?"

టంగు, టంగు.

"రేషన్ కార్డుల ఉన్నదీ గాదు."

టంగు, టంగు. తర్వాత శివమ్మ చెయ్యి విడిపించుకుని మెల్లగా పైకెత్తింది. తలవైపు గూట్లో పెద్దక్షరాల బైబిల్ ఉంది. యాభై ఏళ్ల కిందటిది. ఆమెకు చదవడం రాకపోయినా, అది తల దగ్గర లేకపోతే నిద్రపట్టదు. ఎలీషమ్మ అందుకుని, కీర్తనల దగ్గర తెరిచి చదవబోయింది. రెండుసార్లు కొట్టింది శివమ్మ. తనే ఎడమచేత్తో పేజీలు వెనక్కి తోయడం మొదలుపెట్టింది. వేళ్లకు పట్టు చాలక పేజీలు నలిగాయి. ఎలీషమ్మ సాయం చేయబోయి ఆగిపోయింది. అట్టదాకా వచ్చాక శివమ్మ చెయ్యి ఆగింది.

అట్ట వెనక మొదటి కాగితం మీద పాత సిరాతో రాసి ఉంది: 'శివమ్మ అను శాంతమ్మ. శామీర్‌పేట చెరువునందు బాప్తిస్మము పొందినది. 14-4-1974, ఈస్టరు ఆదివారము.'

ఇస్సాకు ఆ అక్షరాలు చూసి మంచం అంచున కూలబడ్డాడు. "నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఒడ్డు మీద తువ్వాల పట్టుకుని నిలవడ్డ. నీళ్లల్లకెళ్లి వచ్చి, చలికి వణుక్కుంట అన్నది, ఇస్సాకూ, ఇయ్యాల పుట్టిన రా నేను అని. కన్న దినం నాకు మా అమ్మగూడ జెప్పలే, ఈ దినం మాత్రం మర్వ అని." ఆయన తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఆమె మర్వలే. నేనే మర్సిన."

"ఇదేనా అత్తమ్మా?" అని అడిగింది ఎలీషమ్మ.

టంగు.

శామ్యూల్ అక్షరం అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. చివరి మీట నొక్కేముందు తల్లి వైపు తిరిగాడు. "ఒత్తమంటవా?"

"ఒత్తు."

చుక్కలు తిరిగాయి. ఫోల్డర్ తెరుచుకుంది. నలభై ఒక్క ఫైళ్లు, ఒకదాని కింద ఒకటి. ఎవరూ కేకలు పెట్టలేదు. ఎలీషమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. శామ్యూల్ వెంటనే రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఈసారి ప్రతిదీ తెరిచి చూశాడు. తర్వాత తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, "నన్ను మాఫ్ చెయ్యమ్మా" అన్నాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, "ముందు బువ్వ తిను" అంది.

మూడున్నరకు చల్లారిన బగారన్నం తిన్నాక, ఎలీషమ్మకు మనసు ఆగలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో అత్తమ్మకు చదివి వినిపిస్తానంది. ఇన్నాళ్లూ ఆ పనే చేయలేదు ఆమె. పాడించుకుంది, కొట్టుకుంది, దిద్దుకుంది. చదివి వినిపించాలని తోచలేదు.

పదహారు పాటలు సాఫీగా నడిచాయి. ఒక్కో పాటకు శివమ్మ ఒక్కోసారి కొట్టింది. ముసలి కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతుంటే ఇస్సాకు తుడుస్తున్నాడు. పదిహేడోది ద్రాక్షతోట పాట. ఎలీషమ్మ చదివింది.

*ద్రాక్షతోటలో నేను నిలిచియుండగా*
*నా తోడై నిలిచితివి నా ప్రభువా*
*మహిమయు ఘనతయు నీకే చెల్లును*
*నా భారమంతయు మోసితివయ్యా*

టంగు, టంగు.

"ఏందత్తమ్మా? నీళ్లా?" అన్నది ఎలీషమ్మ. వెంటనే పొద్దున శామ్యూల్ కూడా అదే అనుకున్నాడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. మళ్లీ చదివింది. మళ్లీ రెండుసార్లు మోగింది, ఈసారి గట్టిగా.

"అమ్మ గట్ల పాడలేదే," అన్నాడు ఇస్సాకు. "నేను చిన్నప్పటి సంది ఇన్న గదా. వేరే ఉంటది అది."

"ఫైల్ ఖరాబైందేమో," అని శామ్యూల్ తెర వైపు వంగాడు.

"ఖరాబు గాలే," అంది ఎలీషమ్మ. ఆమె చెవులు వేడెక్కాయి. "నేనే మార్చిన. రెండు నెలల కింద. దేవుడు తోటల కూలి పని జేసినట్టు ఉండె అండ్ల. పాస్టరయ్యగారు ఏమనుకుంటరో, పదిమంది నవ్వుతరేమో అని మందిరంల పాడే మాటలు పెట్టిన. ఇంకో నాలుగైదు పాటల్ల గూడ పెట్టిన. అత్తమ్మకు సదువు రాదు గదా, తెల్వదనుకున్న."

మధ్యాహ్నం తను కొడుకును అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా ఎలీషమ్మ చెవిలో మోగాయి. నా పని మీద నాకంటే మీకే ఎక్కువ తెలుసా అన్నది తనే. మొగుడు ఒక్కసారి ఒత్తాడు, కొడుకు ఒక్కసారి తుడిచాడు. తను రెండు నెలలుగా రోజూ కూర్చుని, ఆ మనిషి పక్కనే ఉండగా, ఆ మనిషి మాటలు తీసి వేరే మాటలు పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. ఆ ప్రేమ తలచుకుంటేనే ఇప్పుడు సిగ్గేసింది.

ఆమె లేచి వెళ్లి అత్తగారి పాదాల మీద తల పెట్టింది. "తప్పు జేసిన అత్తమ్మా," అని ఏడ్చింది. శివమ్మ ఎడమచెయ్యి ఆమె జుట్టు దాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి ఇస్సాకు నెమ్మదిగా పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగోదు ఆయనది, రాగం ఎక్కడో మొదలై ఎక్కడికో పోతుంది. మాటలు మాత్రం తెలుసు. రెండో పంక్తి దగ్గర ఆయన తడబడితే ఎలీషమ్మకు గుర్తొచ్చి అందించింది. ఆమె కళ్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. శామ్యూల్ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇదే ఉంచమంటవా, పాత సిస్టమే మల్ల పెట్టమంటవా?"

"పుస్తకం అయినంక జెప్త."

"సరే," అని శామ్యూల్ చేతులు కట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

కొత్త సిస్టమ్‌లో ఏ మీట ఎక్కడుందో ఆమెకు ఇంకా సగం తెలియదు. తడుముకుంటూనే తను పెట్టిన నాలుగు పంక్తులు తీసేసి, అత్తగారివి కొట్టింది. మంచం దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా నిదానంగా చదివింది.

*ద్రాక్షతోటల కలుపు దీస్తుంటె*
*నా పక్క సాలుల ఎవరో ఉన్నరు*
*కొడవలి లేదు, కూలి అడగడు*
*నా సాలు సగము ఆయనె తీసె*

"ఇట్లనే ఉంచమంటవా అత్తమ్మా?" అని అడిగింది.

టంగు.

రెండోది కూడా వస్తుందేమోనని ఎలీషమ్మ చాలాసేపు ఆగింది. రాలేదు.